కనేలా కోసం కలిపిన నీళ్లు

వదిన పోయిన తొమ్మిదో రోజు ప్రార్థనకు వచ్చి, ఒక్క కొమ్ము తెరెరే తాగి, థాంక్స్ చెప్పి లేచిపోయినవాడు తమ్ముడు కాడు. ఎవారిస్తో ఈ సంగతి మూడేళ్ల కిందటే తేల్చేశాడు. మళ్లీ విచారణ లేదు.

ఇతాకురూ ఊళ్లో తెరెరే మర్యాద పసిపిల్లలకు కూడా తెలుసు. ఎద్దుకొమ్ములో ఆకుపొడి వేసి, జగ్గులోంచి చల్లటి మూలికల నీళ్లు పోసి, ఒకే గొట్టంతో వంతులవారీగా తాగుతారు. నోరు మూసుకుని కూర్చున్నంతసేపూ కొమ్ము మళ్లీ మళ్లీ చేతికొస్తూనే ఉంటుంది. థాంక్స్ అన్నారంటే ఇక చాలు, నాకు పోయొద్దు అని. చావు జరిగిన ఇంట్లో మొదటి కొమ్ముకే ఆ మాట అనడమంటే మొదటి ముద్దకే చెయ్యి కడుక్కుని లేవడం. తమ్ముడు బ్రీహీదో లేచాడు. వాగు అవతలే ఉంటాడు. మళ్లీ రాలేదు. ఎవారిస్తో పిలవలేదు.

ఆ మంగళవారం పొద్దున మాత్రం ఎవారిస్తో బుర్రలో తమ్ముడు లేడు, కుక్క ఉంది. కనేలా అతని భార్య బసీలియా పెంచిన కుక్క. దాల్చినచెక్క రంగు, వాలిపోయిన ఒక చెవి, ముసలితనం. ఎక్కడో పంది ఎముకలు నమిలి వచ్చి, కడుపు బిగదీసుకుపోయి, వసారాలో గోనెసంచి మీద పడి మూలుగుతోంది. పశువుల డాక్టరు నొక్కి చూశాడు. ఎముకేదీ అడ్డుపడలేదన్నాడు. సాయంత్రంలోగా విరేచనం కాకపోతే కోయాల్సిందేనన్నాడు. "ఈ వయసులో కోస్తే తట్టుకుంటుందని మాటివ్వలేనయ్యా" అని సైకిలెక్కాడు. అతనిచ్చిన మందును కనేలా గోడ మీదికి ఉమ్మేసింది.

"ఉమ్మేసిందా?" కంచె అవతలి నుంచి సెఫెరీనా అడిగింది.

"గోడకు జబ్బుంటే నయమై ఉండేది."

సెఫెరీనా బజారులో మూలికలు అమ్ముతుంది. ఆమె బాధలు ఆమెవి. కూతురు లిదువీనా ఆరోగ్య కేంద్రంలో నర్సు. రెండేళ్ల కిందట తల్లికి మాటమాత్రం చెప్పకుండా పెళ్లి చేసుకుని వాగు అవతలికి వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఇంట్లో చిలుక తన రొమ్ము ఈకలు తనే పీక్కుంటోంది. ఎవారిస్తో ఒకరోజు ఏమీ అనకుండా తన ఉన్ని మేజోడు కత్తిరించి దానికి చొక్కా కుట్టి తెచ్చాడు. అతను చెప్పగలిగిన ఓదార్పు మాట అదే. రోజూ పొద్దున మామిడిచెట్టు కింద తెరెరే తాగుతూ ఆమె కూతుర్ని తిడుతుంది, అతను తమ్ముణ్ని తిడతాడు. పోనీలే క్షమించు అని ఒకరికొకరు చెప్పుకోరు. అందుకే వాళ్లకు పడుతుంది.

"గిన్నెలో పోస్తే తాగదు మీ మహారాణి. బసీలియా జగ్గులోంచే పోసేది కదా?" అంది సెఫెరీనా.

"ఆ అలవాటు తనే చేసింది. జగ్గు చప్పుడు వినబడితేనే లేస్తుంది."

"అయితే జగ్గులోనే కలుపుదాం. నా దగ్గర భేది వేరు ఆఖరి ముక్క ఉంది. పెద్దల మోతాదే వేస్తా. పుదీనా వేస్తే వాసన తెలీదు. ఈ పూట మన తెరెరే మానుకుందాం, సరేనా?"

సరే. ప్లాను అంతే.

కానీ ఇతాకురూలో రోలు చప్పుడంటే పొద్దుటి వార్తలు. ఏ ఇంట్లో ఏ ఆకు దంచుతున్నారో వాసన పట్టి, ఎవరికి ఏ జబ్బో వీధి మొత్తం చెప్పేస్తుంది. భేది వేరు వాసన కారంలాగా ముక్కులో గుచ్చుతుంది. బసీలియా కడుపు జబ్బుతో మంచాన పడ్డ ఆఖరి నెలంతా ఆ ఇంట్లో దంచింది ఆ వేరే. రొట్టెల బుట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఆవిడ గేటు దగ్గర ఆగింది, గాలి పీల్చింది, శిలువ గీసుకుంది, నడక వేగం పెంచింది. ఎవరికని అడగలేదు. ఆ ఇంట్లో మిగిలిన మనిషి ఒక్కడే కదా. అడిగి ఉంటే కుక్కకని చెప్పేవాళ్లు.

వార్త వీధి చివరికి చేరేసరికి ఎవారిస్తోకు కడుపునొప్పి. చర్చి దగ్గరికి వచ్చేసరికి బసీలియాకొచ్చిన జబ్బే. వంతెన దాటేసరికి ఫాదరు వచ్చి, పోయేముందు పూసే ఆఖరి నూనె కూడా పూసి వెళ్లాడు.

గేటు దగ్గర, తలుపు తట్టే బదులు కొట్టే చప్పట్లు వినిపించాయి. మోటార్‌సైకిలు కింద పడేసి బ్రీహీదో నిలబడ్డాడు, ఒక చేతిలో వెన్న, జున్ను వేసి కాల్చిన చీపా రొట్టెల బుట్ట. వెనక నర్సు సంచీతో లిదువీనా. ఆరోగ్య కేంద్రంలో ఆ పూట దొరికిన నర్సు ఆమే.

"అన్నా... తిరుగుతున్నావే!"

"తిరగకూడదా?"

"నీకు నూనె పూశారన్నారు."

"ఎవరన్నారు?"

"వంతెన మీద అందరూ."

"పూస్తే నాకు తెలిసేది కదా."

ఈలోపు లిదువీనా తల్లి ముందుకు వచ్చి, చిన్నప్పటిలాగే రెండు అరచేతులూ జోడించింది. "దీవించమ్మా." సెఫెరీనా చెయ్యి దానంతటదే లేచి గాలిలో శిలువ గీసింది. తర్వాత ఆ చేతికేసి పరాయివాళ్ల చెయ్యిలా చూసుకుంది. కంచె అవతల మేజోడు చొక్కా వేసుకున్న చిలుక గొంతు చించుకుని ఒకే కూత కూసింది.

తర్వాత ఏం చేయాలో నలుగురిలో ఎవరికీ తెలియలేదు. సెఫెరీనా కూర్చుని, చేతికందిన జగ్గు తీసుకుని, కొమ్ము నింపింది. మనుషులొస్తే ఆమె చేతులకు తెలిసింది అదొక్కటే.

మొదటి కొమ్ము లిదువీనాకు. మూలికల మధ్య పుట్టి పెరిగిన పిల్ల. ఒక్క గుక్కకే కనుబొమలు పైకి లేచాయి. తల్లి ముఖం చూసింది. చప్పుడయ్యేదాకా పీల్చి కొమ్ము వెనక్కిచ్చింది. థాంక్స్ అనలేదు.

తర్వాత బ్రీహీదో. "కొంచెం ఘాటుగా ఉందే అక్కా, మంచిదే" అన్నాడు. థాంక్స్ అనలేదు. ఆ మాట గొంతులోకి వస్తే మింగేసేవాడిలా పెదాలు బిగించాడు.

మూడోది ఎవారిస్తోకు. నాలుకకు తగలగానే తెలిసింది. బసీలియాకు చెంచాతో పట్టేముందు రోజూ రుచి చూసేవాడు. జగ్గుకేసి చూశాడు, సెఫెరీనాకేసి చూశాడు. ఆమె ముఖం పాలిపోయింది. ఆమెకూ అప్పుడే వెలిగింది.

ఆపడానికి ఒక్క మాట చాలు. కానీ బ్రీహీదో బల్ల అంచున కూర్చున్నాడు, టిక్కెట్టు లేకుండా బస్సెక్కినవాడిలా, ఎప్పుడు దింపేస్తారో అన్నట్టు. ఇప్పుడు కొమ్ము తిరగడం ఆపేస్తే మూడేళ్ల తర్వాత వచ్చినవాణ్ని గేటు దాకా సాగనంపినట్టే. ఎవారిస్తో అడుగుదాకా తాగి కొమ్ము వెనక్కిచ్చాడు.

"బజారుకెళ్లి ఇంకో వేరు తే" అని గొణిగాడు.

"నేను లేస్తే అదీ లేస్తుంది" అని సెఫెరీనా కూతురివైపు కళ్లతో చూపించింది. "రెండేళ్లయింది ఎవారిస్తో, అది నా చేత్తో ఏదైనా తాగి."

"మరి నా కుక్క?"

సెఫెరీనా మళ్లీ పోసింది. గోనెసంచి మీంచి కనేలా తల ఎత్తి, తన జగ్గు ఖాళీ అవుతుంటే చూస్తూ మూలిగింది. మూలిగినప్పుడల్లా ఎవారిస్తో అటు తిరిగి చూశాడు. అయినా కొమ్ము తిరుగుతూనే ఉంది. వాన గురించి మాట్లాడుకున్నారు, పత్తి రేటు గురించి మాట్లాడుకున్నారు, చిలుక చొక్కా గురించి మాట్లాడుకున్నారు. మధ్యాహ్నం కర్రపెండలం ఉడకేసుకుని తిన్నారు. జగ్గు అడుగంటింది. ఎవరూ థాంక్స్ అనలేదు.

ముందు లేచింది బ్రీహీదో. "అన్నా, పెరట్లో మరుగుదొడ్డి అక్కడేనా ఇంకా?" అని అడిగాడు, జవాబు కోసం ఆగలేదు. ఆ వెంటనే తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని కంచె దాటి పరిగెత్తారు. ఎవారిస్తో నడవడానికి ప్రయత్నించాడు. పరువు సగం దారిలో వదిలేసి పరిగెత్తాడు.

రెండిళ్లకు రెండు దొడ్లు, వాటికి నలుగురు మనుషులు.

"బయటికి రారా!"

"రాలేను అన్నా! ఏం కలిపారు అందులో?"

"కుక్క మందు."

చెక్క తలుపు అవతలి నుంచి బ్రీహీదో అడిగాడు: "తెలిసే తాగావా?"

"నువ్వు థాంక్స్ అనలేదు కదా. నేనెలా అంటాను?"

తర్వాత తలుపు సందులోంచి సన్నగా వినిపించింది: "ఆ తొమ్మిదో రోజు నీళ్లలో వదిన నాకోసం వేసే నిమ్మగడ్డే వేశారు. రెండో కొమ్ము తాగితే అందరి ముందూ భోరుమనేవాణ్ని."

"ఏడిస్తే ఏం పోయింది? అందరూ ఏడవడానికేగా వచ్చారు."

"నువ్వు ఏడవలేదుగా. నువ్వే ఏడవకపోతే నేనెలా ఏడుస్తాను?"

ఎవారిస్తో కడుపు పట్టుకుని తలుపుకు ఆనుకున్నాడు. ఏదో అనబోయాడు. కడుపు అననివ్వలేదు.

కంచె అవతల అదే పని మీద అదే వరస. "మొదటి గుక్కకే తెలుసమ్మా నాకు." "తెలిస్తే తాగావెందుకే పిచ్చిదానా?" "నువ్వు పోశావుగా!" ఆ తర్వాత నవ్వో ఏడుపో తేలని శబ్దం. చిలుకా దాన్నే అనుకరించింది.

అంతలో చిక్కుడు పాదుల్లో గలగలమని చప్పుడు. ఎవారిస్తో తల తిప్పాడు. బల్ల కింద రొట్టెల బుట్ట బోర్లా పడి ఉంది, అందులో ఒక్క ముక్క కూడా లేదు. పాదుల మధ్య, నాలుగు కాళ్లూ దగ్గరికి తెచ్చుకుని, ఆకాశంకేసి చూస్తూ, పరమ శాంతంగా కనేలా కూర్చుంది.

"అయ్యింది!" ఎవారిస్తో వీధంతా వినబడేలా అరిచాడు. "సెఫెరీనా! కనేలాకు అయ్యింది!"

"నాకింకా కాలేదు!" అని లోపల్నుంచి బ్రీహీదో అరిచాడు.

సాయంత్రం పశువుల డాక్టరు వచ్చి, మెత్తబడ్డ పొట్ట నొక్కి, వెన్న పని చేసిందన్నాడు. అతనికి తెరెరే ఇవ్వబోతే, నలుగురి ముఖాలూ చూసి, ముట్టుకోకుండానే థాంక్స్ అన్నాడు.

మర్నాడు పొద్దున మామిడిచెట్టు కింద నలుగురూ చేరారు. లిదువీనా చిలుకను ఒళ్లో పెట్టుకుని చొక్కా విప్పి చూస్తోంది. బ్రీహీదో ఈసారి బల్ల మధ్యలో కూర్చున్నాడు. ఎవారిస్తో నీళ్లలో వేయడానికి నిమ్మగడ్డి తుంచుకొచ్చాడు. ఎవరికోసమో చెప్పలేదు.

"అయితే అన్నా, నన్ను క్షమించినట్టేనా?"

"క్షమించలేదు. నిన్నటి సంగతి, తొమ్మిదో రోజు సంగతి, ఆ రెండూ మాత్రం నేను చచ్చేదాకా ఎత్తను. మీరూ ఎత్తకండి."

అతను మళ్లీ ఎత్తలేదు. కాకపోతే ఆ ఇంట్లో జగ్గు నిండగానే మొదటి వంతు కనేలాకు పోస్తారు, మిగతావాళ్లు కాసేపు దాన్ని గమనించి, ఆ తర్వాత తాగుతారు.