నాలుగోదాని ఊపిరి

ఆ ఆదివారం పొద్దున ఉమాకాంత్ పెట్టుకున్న పని చిన్నదే. సాయంత్రం నారాయణగూడలో మిత్రుల ముందు మౌతార్గాన్ వాయించాలి. కానీ దాని నాలుగో రంధ్రం మొండికేస్తోంది. గాలి పీల్చి స్వరాన్ని కిందికి వంచబోతే వంగదు, ఊది పైస్వరం లేపే ఓవర్‌బ్లో అసలే పలకదు. లోపల గాలికి అదిరే సన్నని ఇత్తడి రేకుల్ని, అంటే రీడ్లను, కాస్త నొక్కి పలకతో సందు తగ్గిస్తే రెండూ వస్తాయని ఏదో వీడియోలో చూశాడు.

"మళ్ల ఇప్పుతున్నరా? పోయినసారి ఇప్పింది ఇంకా డబ్బాలనే ఉన్నది," అంది విజయశ్రీ, కూరగాయల సంచీ తీసుకుని చిక్కడపల్లి మార్కెట్‌కు బయల్దేరుతూ.

"ఇది గట్ల కాదే. జరంత నొక్కుడే."

భార్య అటు వెళ్లగానే నొక్కాడు. కీచుమంది. ఇంకాస్త నొక్కాడు. మరింత కీచుమంది. మూడోసారి నొక్కేసరికి రీడు పలకకు అతుక్కుపోయి మూగబోయింది. కంగారుగా అశోక్‌నగర్‌లో ఉండే వాద్యమిత్రుడు జగదీశ్వర్‌కు ఫోన్ చేశాడు.

"అన్నా, నాలుగోదానికి ఊపిరి ఆడుతలేదు! గట్టిగనే నొక్కిన. ఇప్పుడు సప్పుడే లేదు!"

సరిగ్గా అప్పుడే పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకుని పై నుంచి దిగిన రాజకుమారి ఉమాకాంత్ వాళ్ల తెరిచిన తలుపు దగ్గర కొయ్యబారిపోయింది. నాలుగో అంతస్తులో ఉండేది విశ్వేశ్వరరావు. ఈ మౌతార్గాన్ గోల గురించే నిన్న ఆయనా ఉమాకాంతూ మెట్ల మీద అరుచుకున్నారు.

"ఐదోదాన్ని గూడ నొక్కమంటవా? ఇయ్యాల్నే?"

ఐదో అంతస్తు రాజకుమారిది. గిన్నె అక్కడే పడేసి పరుగెత్తింది. పోలీసులకు ఫోన్ చేసింది. జనం నాలుగో అంతస్తుకు ఎగబాకి తలుపు బాదారు. జవాబు లేదు. భుజాలతో గుద్దితే గడియతో సహా తలుపే ఊడిపడింది.

లోపల విశ్వేశ్వరరావు చెవుల్లో దూది పెట్టుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"ఏంది లొల్లి? నా తలుపేది?"

ఆ గొడవేమిటో చూద్దామని, రీడు సరిచేసి మరలు బిగించిన మౌతార్గాన్‌తోనే పైకొచ్చాడు ఉమాకాంత్. "అగో, మళ్లొచ్చిండు!" అని కేక పెట్టింది రాజకుమారి. అప్పుడే వచ్చిన కానిస్టేబుల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎవర్ని నొక్కినవ్?"

"రీడును సార్."

"రీడెవడు? ఏడుంటడు?"

"నాలుగుల సార్."

అందరూ విశ్వేశ్వరరావు వంక చూశారు. కూరగాయల సంచీతో మెట్లెక్కిన విజయశ్రీకి ఏడవాలో అరవాలో తెలియలేదు. "కూరగాయలకు పోయొస్తె పోలీసులొచ్చిండ్రా!"

"దీని లోపటి రీడు సార్," అని ఉమాకాంత్ మౌతార్గాన్ ఎత్తి చూపాడు.

"ఏదీ, ఊది చూపియ్," అన్నాడు కానిస్టేబుల్.

జగదీశ్వర్ చెప్పినట్టు రీడును సూదిమొనతో వెంట్రుకవాసి లేపాడు గానీ, పలుకుతుందన్న నమ్మకం లేదు. గాలి పీల్చాడు. స్వరం మెల్లగా జారి వంగింది. ఊదాడు. నెలల తరబడి రానని మొండికేసిన ఓవర్‌బ్లో తీగలా లేచి నిలబడింది. విశ్వేశ్వరరావు ఒక చెవిలోని దూది తీసి విన్నాడు.

"సాయంత్రం పోయి వాయించుకో. నొక్కుడు మాత్రం బంద్ చెయ్," అని కానిస్టేబుల్ దిగిపోయాడు.

విశ్వేశ్వరరావు రెండో చెవిలోంచి కూడా దూది తీశాడు. ఉమాకాంత్ తల దించుకున్నాడు. "తప్పయింది సార్. తలుపు నేనే చేపిస్త. ఇగ ఇంట్ల వాయించ."

"అది కాదయ్యా. ఇది ఏ దుకాణంల దొరుకుతది? నాకు గూడ నేర్పు."

రాజకుమారి తల పట్టుకుంది. విజయశ్రీ సంచీతో సహా మెట్టు మీద కూలబడింది.

వారం తిరక్కముందే ఆ అపార్ట్‌మెంట్‌లో మౌతార్గాన్లు రెండయ్యాయి.