అబ్బోడికి కన్నడం రాదు

ఆ ఆదివారం పొద్దున పిల్లప్ప పెట్టుకున్న పనులు మూడే. అబ్బోడికి నీళ్లు పోయడం, ఉడకబెట్టిన ఉలవలు పెట్టడం, జూలు దువ్వి మధ్యాహ్నం రేసుకు తోలుకుపోవడం. ముప్పయ్యేళ్లుగా సైసు పని చేస్తూ, గుర్రాలకు తల్లీ తండ్రీ డాక్టరూ తానే అయి బతికిన మనిషి. ఈ మూడు పనుల్లో తప్పు దూరడానికి సందెక్కడ ఉంటుంది?

అబ్బోడంటే గుర్రమే. రేసు పుస్తకంలో 'రాయల్ సైక్లోన్' అని రాసి ఉంటుంది గానీ, ఆ సంగతి గుర్రానికి తెలియదు. పుట్టిన మూడోనాటి నుంచీ పిల్లప్ప చేతిలోనే పెరిగాడు. పిల్లప్ప తాతలు ఎప్పుడో మదనపల్లి వైపు నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడ్డారు. ఊరందరితో కన్నడం మాట్లాడినా, గుర్రంతో మాత్రం పిల్లప్పది ఇంటి భాషే. నాడాలు కొట్టేటప్పుడు "ఊరుకో నాయనా, ఊరుకో" అంటే అబ్బోడు రాతి బసవన్నలా నిలబడేవాడు. పొద్దుటి ప్రాక్టీసులో కంచె పక్కన నిలబడి "ఉరుకురా!" అంటే ఇక చూసుకోండి, వాడి నీడ వాడి వెనకాల అర ఫర్లాంగు ఆలస్యంగా వచ్చేది. నమ్మనివాళ్లు ఆ నీడనే అడగవచ్చు.

అంతా ప్రాక్టీసులోనే. అసలు రేసుల్లో పదకొండుసార్లు దిగి పదకొండుసార్లూ ఆఖరున వచ్చాడు. ఒకసారి గుర్రాల వెనకాల వచ్చే అంబులెన్సు కూడా వాణ్ణి దాటుకుని పోయింది.

ఆ ఏడు సీజను సంగతీ అంతంతమాత్రమే. బెంగళూరు శివారున, ఆనేకల్ దారిలో పిల్లప్ప పనిచేసే రేసుకోర్సుకు రావలసిన లైసెన్సు ఫైలు, ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి నడవడానికి ఐదు నెలలు తీసుకుంది. అన్నాళ్లూ గుర్రాలు పెళ్లికొచ్చిన చుట్టాల్లా తిని నిలబడ్డాయి. చివరికి మూడు వారాల సీజనుకు మాత్రం అనుమతి వచ్చింది. ఏ చిన్న గోల జరిగినా సీజను మూసేస్తామన్న షరతు దానికి తోకలా వచ్చింది.

పిల్లప్ప జూలు దువ్వుతుండగా యజమాని అచ్యుత్ ఫోను చేశాడు. అచ్యుత్ విజయవాడ నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ మనిషి. ఎనిమిదేళ్ల బెంగళూరు కాపురంలో అతను నేర్చిన కన్నడ వాక్యం ఒక్కటే: 'కన్నడ గొత్తిల్ల', అంటే కన్నడం రాదని. దాన్ని ఎంత చక్కగా పలుకుతాడంటే, విన్నవాళ్లెవరూ నమ్మరు.

"పిల్లప్పా, ఇవాళ కూడా లాస్ట్ వస్తే ఇక నావల్ల కాదు. అత్తిబెలెలో పెళ్లి బగ్గీలు తిప్పే ఆయనతో మాట్లాడేశాను. రేపు వ్యాన్ వస్తుంది."

"అయ్యో, బ్యాండు మేళం ముందర బగ్గీ లాగే బిడ్డా సార్ వాడు?"

"రేసు లాగే బిడ్డ కూడా కాదుగా!"

పిల్లప్ప ఫోను పెట్టేసి మళ్లీ బ్రష్షు అందుకున్నాడు. అప్పుడే జాకీ నింగరాజు వచ్చాడు. మండ్య వైపు మనిషి, తెలుగు అరకొర. ముద్దుగా అబ్బోడి మెడ తట్టి, చెవిలో తన భాషలో అన్నాడు, "ఓడు మగా, ఓడు!"

పరిగెత్తు బాబూ అన్నాడన్నమాట. అబ్బోడు వెంటనే తల వేలాడేసి, చెవులు వాల్చి, నాలుగడుగులు వెనక్కి వేశాడు.

పిల్లప్ప చేతిలోని బ్రష్షు కింద పడింది.

"ఏమప్పా నింగరాజూ! రేసులో కూడా వానికి ఇదే చెప్తాండావా?"

"హౌదు పిల్లప్పణ్ణా. ఇంకేం చెప్పేది?"

"నా కొంప ముంచితివి గదప్పా! వానికి కన్నడం రాదు. తెలుగులో ఓడు అంటే ఓడిపో అని. చెప్పిన మాట వినే బిడ్డ, పదకొండుసార్లూ ఓడమంటే ఓడినాడు!"

నింగరాజు గుర్రం వంక కొత్తగా చూశాడు. గుర్రం అతని వంక పాతగానే చూసింది. "మరి ఏం అనాలి?" అని అడిగాడు.

"ఉరుకు అను. ఉ-రు-కు. ఇంగ ఓడమనొద్దు. నువ్వు ఓడమన్నందుకే ఇన్నాళ్లూ ఓడినాడు."

సరిగ్గా ఈ ఆఖరి మాటలే లాయం గోడ అవతల నడుస్తున్న కౌశల్ చెవిన పడ్డాయి. క్లబ్బు వాళ్లు కొత్తగా తెచ్చిన భద్రతాధికారి అతను. తెనాలి మనిషి, బెంగళూరు వచ్చి పదమూడు రోజులే అయింది. మోసం పట్టుకోమని తెస్తే పదమూడు రోజులుగా ఒక్క మోసమూ దొరక్క తిండి సయించక తిరుగుతున్నాడు. ఇద్దరినీ చొక్కాలు పట్టుకుని తన గదికి లాక్కుపోయాడు.

"గుర్రానికి ఓడు అని చెప్పావా?"

"చెప్పినా సార్," అన్నాడు నింగరాజు గర్వంగా.

"ఎన్నిసార్లు?"

"లెక్క ఇల్ల సార్. గొంతు పోయే దాకా."

కౌశల్ కాగితం తీసి ఇద్దరి పేర్లూ రాసుకున్నాడు. "నువ్వొక్కడివేనా?"

"ఎల్లా జాకీలూ సార్! ఓడు అనకపోతే జాకీ ఎందుకు సార్?"

కౌశల్ కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. ఒక్కడు కాదు, మైదానంలో ఉన్న జాకీలంతా ఓడించేవాళ్లే! టీ తెచ్చిన చెన్నమ్మ పకపకా నవ్వి, "సార్, కన్నడంలో ఓడు అంటే ఉరుకు అని సార్!" అంది. కౌశల్ ఆమె పేరు కూడా రాసుకున్నాడు. ఇంతలో సంగతి తెలిసి అచ్యుత్ పరిగెత్తుకొచ్చాడు.

"మీరు చెప్పండి. కన్నడంలో ఓడు అంటే ఏమిటి?" అని కౌశల్ అతన్ని నిలదీశాడు.

"కన్నడ గొత్తిల్ల," అన్నాడు అచ్యుత్, అలవాటు కొద్దీ, అచ్చమైన కన్నడంలో.

"ఇంత కన్నడం మాట్లాడుతూ రాదంటారా?" అని కౌశల్ అతని పేరు అందరికంటే పైన రాసి, అండర్‌లైను చేసి, ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఫోను లైసెన్సు ఆఫీసుకు వెళ్లిందంటే సీజనుకు మూత పడుతుంది. ఐదు నెలలు నిలబడి తిన్న గుర్రాలన్నీ మళ్లీ నిలబడి తినాలి.

పిల్లప్ప అడ్డం పడ్డాడు. "సార్, సార్, ఒక్క రేసు చూడండి. ఈ పొద్దు తెలుగులో చెప్పిస్తాము. గెలవకపోతే ఎవురికైనా ఫోన్ చేసుకోండి."

"గుర్రానికి తెలుగు వచ్చా?"

"నాకంటే బాగా వచ్చాది సార్. నాకి వత్తులు తప్పుతాయి."

కౌశల్ ఫోను జేబులో వేసుకున్నాడు. "సరే. నువ్వు మాత్రం నా పక్కనుంచి కదలకూడదు," అని పిల్లప్పను వెంటబెట్టుకుని మైదానమంతా కనిపించే మైకు గదిలోకి ఎక్కాడు.

మధ్యాహ్నం జిగణి ఫ్యాక్టరీల నుంచి వచ్చిన జనంతో మైదానం నిండింది. గంట మోగింది. తొమ్మిది గుర్రాలు దూకాయి. ఎనిమిది మంది జాకీలు "ఓడు! ఓడు!" అని అరుస్తుంటే, అబ్బోడు ఆ ఎనిమిది మంది మాటా విని మర్యాదగా ఆఖరికి చేరాడు. నింగరాజుకు పాఠం గుర్తొచ్చింది. కానీ ఆ కంగారులో, ఆ గాలిలో, నాలుక కొంచెం సాగింది.

"ఊరుకో!" అని గావుకేక పెట్టాడు. "ఊరుకో మగా, ఊరుకో!"

అబ్బోడు మైదానం నడిమధ్యన రాతి బసవన్నలా నిలబడిపోయాడు. నాడాలు కొట్టేవాడు వస్తాడేమోనని ఒక కాలు కూడా ఎత్తి పెట్టుకున్నాడు.

కౌశల్ ఫోను నొక్కసాగాడు. అంతలో అతనిలోని న్యాయం కూడా కొంచెం కదిలినట్టుంది, మైకులోకి వంగి "పరిగెత్తు!" అన్నాడు. అబ్బోడు ఒక చెవి ఇటు తిప్పాడు. తెలుగే, కానీ తెనాలి తెలుగు. ఎక్కడో విన్నట్టుంది గానీ అర్థం కాలేదు. చెవి మళ్లీ అటు తిప్పేశాడు.

పిల్లప్ప ఇక ఆగలేకపోయాడు. మైకు లాక్కుని, పదహారు లౌడ్‌స్పీకర్లూ అదిరేలా అరిచాడు.

"ఉరుకురా నా అబ్బోడా! ఉరుకు!"

ఆ తరవాత జరిగింది చూసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. ఎత్తిన కాలు దించకుండానే సగం దూరం మూడు కాళ్ల మీద పోయాడని కొందరంటారు. అది అతిశయోక్తి, పావు దూరమే. జిగణి జనంలో సగం మంది సీమ వాళ్లు కాబట్టి వాళ్లూ "ఉరుకు, ఉరుకు" అని అందుకున్నారు. ఎనిమిది గుర్రాలకూ గాలి తగిలింది గానీ ఆ గాలి ఎవరిదో తెలియలేదు. అబ్బోడు గెలిచాడు. గెలిచాక ఎవరూ ఊరుకోమనలేదు కనుక ఇంకో రెండు చుట్లు తిరిగాడు. మూడో చుట్టులో పిల్లప్పకు ఆ మాట గుర్తొచ్చి మైకులో అంటే, అప్పుడు ఆగాడు.

కౌశల్ నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాడు. కొరడా మీద ఉంది, మందుల మీద ఉంది, తెలుగు మీద ఒక్క ముక్కా లేదు. నాలుగు పేర్లున్న కాగితం నాలుగు ముక్కలు చేసి చెన్నమ్మ టీ తాగాడు. సీజను బతికింది.

పిల్లప్ప అబ్బోడి మెడ కౌగిలించుకుని ఏడుస్తుండగా అచ్యుత్ ఎగురుకుంటూ వచ్చాడు.

"పిల్లప్పా! బగ్గీ ఆయనకి ఇవ్వట్లేదు!"

"నాకి తెలుసు సార్, మీ మనసు బంగారం."

"చెన్నై నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఐదు రెట్లు ఇస్తానన్నాడు. రేపు ఆయన వ్యానే వస్తుంది!"

పిల్లప్ప చేతులు మెడ మీదే ఉండిపోయాయి. ఓడితే పోతాడని భయపడ్డాడు గానీ, గెలిచినా పోతాడని ఎవరనుకున్నారు? పక్కనే ఉన్న నింగరాజు వైపు తిరిగి, "నువ్వు చెన్నైలో రేసులు తోలినోడివి గదప్పా. గుర్రాన్ని ఉరకమనాలంటే వాళ్లేమంటారు?" అని అడిగాడు.

"అరవంలోనూ అదే పిల్లప్పణ్ణా. ఓడు."

పిల్లప్ప కళ్లు తుడుచుకున్నాడు. లాయంలోకి పోయి, మిగిలిన ఉలవల బస్తా మూతి గట్టిగా కట్టి, వాడు తిరిగొచ్చేదాకా పురుగు పట్టకుండా నాలుగు వేపాకులు వేసి, అబ్బోడి గుంజ పక్కనే జాగ్రత్తగా పెట్టాడు.