పెరటి దోమలపై తీసుకున్న చర్య

ఒక నాగరికత ఎంత ముదిరిందో తెలుసుకోవాలంటే దాని కోటలను కాదు, దాని దోమల నివారణ విభాగాన్ని చూడాలి.

చెల్లెలు ఆ విభాగాన్ని ఆశ్రయించడానికి మూలకారణం దోమలు కావు, అక్క. అమ్మ కుట్టుమిషను ఎవరికి దక్కాలన్న దగ్గర మాటామాటా పెరిగి, "చచ్చినా నీ గడప తొక్కను" అని పదకొండేళ్ల క్రితం వెళ్లిపోయిన అక్క, ఈ ఆదివారం సాయంత్రం బంధువులతో కలిసి వస్తానంది. ఒట్టు ఒట్టే కనుక వెనక గేటు నుంచి వచ్చి పెరట్లోనే కూర్చుంటుంది. పెరట్లో ఆరు దాటితే దోమలు. దోమలు కుడితే అక్క లేచిపోతుంది. లేచిపోతే మరో పదకొండేళ్లు. (అక్కకు డెబ్భై నాలుగు. ఆ లెక్క చెల్లెలు వేసే ఉంది.)

దరఖాస్తు అందుకున్న పరిశీలకుడు పగలు పదకొండింటికి వచ్చి పెరడంతా కలియజూశాడు.

"ఒక్కటీ లేదేంటమ్మా?"

"అవి ఆరింటికొస్తాయి నాయనా."

"నా డ్యూటీ ఐదింటికే అయిపోతుంది. కాస్త ముందుగా రమ్మనండి."

వేళ మించిన తనిఖీకి ప్రత్యేక అనుమతి కావాలి. అనుమతికి ఆధారంగా మూడు దోమలు కావాలి, ప్రాణంతో, సీసాలో. (చచ్చిన దోమ ఫిర్యాదుకు ఆధారం కాదు, పరిష్కారానికి ఆధారం.) ఆ సాయంత్రం చెల్లెలు భర్త చేత చొక్కా విప్పించి పెరట్లో కూర్చోబెట్టింది.

"కదలకండి. ఆఫీసు పని."

"పెళ్లయిన ఇన్నేళ్లకు నన్నింత శ్రద్ధగా చూస్తున్నావు," అన్నాడాయన వీపు అప్పగించి.

ఆదివారం ఆరున్నరకు అక్క కాళ్లు కుర్చీ మీదికి ముడుచుకుని, శాలువా చెవుల దాకా లాక్కుని, మాటకో చరుపు చరుస్తోంది.

"వీటిని నువ్వే పెంచుతున్నావటే?"

"మన వంశం పోలికే అక్కా. పట్టుకుంటే వదలవు."

అక్క శాలువా దులిపి లేవబోతుండగా ప్రత్యేక అనుమతి పట్టుకుని పరిశీలకుడు వచ్చాడు. అందరినీ కూర్చోమని, మనిషి మనిషి దగ్గరా దోమలను లెక్కించాడు. మిగతా పదకొండు మందికీ కలిపి ఏడు. అక్క ఒక్కదానికే నలభై. పద్నాలుగో నిబంధన ప్రకారం దోమలను ఆకర్షించు వస్తువును ఆరుబయట ఉంచరాదు. సదరు వస్తువును తక్షణం ఇంటి లోపలికి తరలించవలసిందని అక్కడికక్కడే నోటీసు రాసి, సదరు వస్తువు చేతిలోనే పెట్టాడు.

అక్క కళ్లజోడు తగిలించుకుని రెండుసార్లు చదివింది.

"నేను రావట్లేదు. తరలిస్తున్నారు. అందరూ విన్నారుగా?"

గడప దాటింది. నేరుగా వెళ్లి కుట్టుమిషను పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

నోటీసు చెల్లుబాటు ఆ ఒక్క సాయంత్రానికే. తర్వాతి వారం చలి ముదిరి దోమలు కనబడకుండా పోయాయి. దోమలు లేనిదే నోటీసు లేదు, నోటీసు లేనిదే అక్క లోపలికి రాదు. కనుక చెల్లెలు మళ్లీ దరఖాస్తు పెట్టింది: మా పెరట్లో దోమలు లేవు, తక్షణం చర్య తీసుకోగలరు.

ఆధారంగా, లేని దోమలు మూడింటిని ప్రాణంతో సీసాలో పెట్టి సమర్పించవలసిందని కార్యాలయం బదులిచ్చింది.