లీకుల్లేని జల మండలి

"మనది ఆఫీసు కాదు, కుటుంబం. కుటుంబంలో రహస్యాలుండవు. కాబట్టి రేపటినుంచి మీ ఈమెయిళ్లన్నీ మండలి చదువుతుంది."

డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న వాలెని పట్టణ జల మండలి డైరెక్టర్ ఒక్టావియాన్ స్ట్రుంగారు గారు ఈ చారిత్రక ప్రకటన చేయగానే సిబ్బంది చప్పట్లు కొట్టారు. ఎవరి చప్పట్లు ముందు ఆగుతాయో ఆయన చూస్తున్నారు కనుక చాలాసేపు కొట్టారు.

అంతటి మనిషికి అందరి ఉత్తరాలూ చదివే తీరికెక్కడిది? ఆ భారం ఫిర్యాదుల విభాగంలో పనిచేసే సాబినా మీద పడింది.

"ఒకళ్ల ఉత్తరాలు ఇంకొకళ్లు చదవడం బాగుండదేమోనండీ," అంది సాబినా.

"చదవడమని ఎవరన్నారమ్మా? దీన్ని పర్యవేక్షణ అంటారు. చెడ్డ మాటలున్నవి కంప్యూటరే పట్టిస్తుంది. నువ్వు ప్రింటు తీసి నా బల్ల మీద పెట్టు, చాలు."

చెడ్డ మాటలను ఆయనే స్వయంగా ఎంపిక చేశారు: జీతం, యూనియన్, గుమ్మడికాయ, లీకు. గుమ్మడికాయ ఎందుకని సాబినా అడగలేదు. ఆయన్ను వెనకనుంచి చూసినవాళ్లెవరూ అడగరు.

మొదటిరోజే మండలిలో సగంమంది ద్రోహులని తేలిపోయింది. వాళ్లంతా పైపుల మరమ్మతు విభాగం వాళ్లే.

"పైపు లీకైతే లీకని కాక ఇంకేమని రాయమంటారండీ?" అని అడిగాడు ఇంజనీరు నికుషోర్.

డైరెక్టర్ గారు క్షణం ఆలోచించి, "నీరు తన స్వేచ్ఛను వినియోగించుకుంటున్నది, అని రాయవయ్యా," అన్నారు.

"అలా రాయడానికి నాకు చెయ్యి రాదండీ. లీకును లీకనే రాస్తాను."

ఆ సాయంత్రమే నికుషోర్ ఉత్తరాలన్నీ ఏరి పెట్టమని సాబినాకు ఆదేశం అందింది. చాలావరకు అతని భార్యకు రాసినవే. ఆమె ఇటలీలో ఒక మంచం పట్టిన ముసలావిడకు సేవ చేస్తోంది. "ఆవిణ్ణి ఎత్తీ ఎత్తీ నీ నడుం ఏమవుతోందో," అని రాశాడు. "పిల్ల నీ స్వెటరు కప్పుకుంటేగాని పడుకోవడం లేదు. ఉతకనివ్వదు. నీ వాసన పోతుందట." సాబినాకు ఎవరి పడకగది కిటికీ కిందో నిలబడి వింటున్నట్టు అనిపించింది.

"ఇందులో ఏమీ లేదండీ. పెళ్లానికి రాసుకున్నాడు," అంది ప్రింట్లు ఇస్తూ.

"ఆఫీసు వేళల్లోనా!" అన్నారు డైరెక్టర్ గారు ఆనందంగా.

సోమవారం సమావేశంలో ఆయన ఆ ఉత్తరాన్ని గొంతు మార్చి, చేతులు తిప్పి, చక్కగా అభినయిస్తూ చదివారు. స్వెటరు దగ్గర కాసేపు ఆగి అందరివైపూ చూశారు. అందరూ నవ్వారు. సాబినా కూడా నవ్వింది.

నికుషోర్ లేచి చెయ్యి చాపాడు. "ఆ కాగితం ఇటివ్వండి. అది మా ఆవిడది."

"కాదు, మండలిది. కాగితం మాది, కంప్యూటర్ మాది. నీ ప్రేమ మాత్రమే నీది."

ప్రభుత్వ సమయంలో భార్యను ప్రేమించిన నేరానికి అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పోతూ పోతూ సాబినా బల్ల దగ్గర ఆగాడు.

"నువ్వొక్కదానివే చదువుతావనుకున్నా సాబినక్కా. అదే నయమనుకున్నా," అన్నాడు.



ఆపైన మండలి ఈమెయిళ్లు ఎంతో మెరుగుపడ్డాయి. "ఇవాళ డైరెక్టర్ గారు మెట్లెక్కిన తీరు చూశావా?" అని ఒకరు రాస్తే, "చూశాను, కళ్లు చెమర్చాయి," అని పక్క బల్లవాడు బదులిచ్చేవాడు. ఈలోగా చౌరస్తా కింద పెద్ద పైపులో నీరు తన స్వేచ్ఛను పూర్తిగా వినియోగించుకుంది. చౌరస్తా చెరువైంది. నదిలోంచి బాతులు వచ్చాయి. డైరెక్టర్ గారు విలేకరులను పిలిచి ఫౌంటెన్ ప్రారంభోత్సవం చేశారు.

నికుషోర్ ఊరుకోలేదు. అతని ఫిర్యాదు మీద రాజధాని బుకారెస్ట్ నుంచి విచారణ సంఘం దిగింది.

"ఆ ఉత్తరాలు ఎవరు చదివారు?" అని అడిగాడు సంఘం అధ్యక్షుడు.

గదిలో అందరూ కిటికీలోంచి బాతులను చూస్తున్నారు. సాబినా లేచింది. "నేనే చదివానండీ. డైరెక్టర్ గారు చదవమన్నారు. తర్వాత అందరి ముందూ ఆయనే చదివి వినిపించారు." చెప్పాక ఆమెకు చాలా రోజుల తర్వాత ఊపిరి సరిగ్గా ఆడింది.

డైరెక్టర్ గారు చెక్కుచెదరలేదు. "ఇతరుల ఉత్తరాలంటే నాకెంత గౌరవమో నా ఈమెయిలే తెరిచి చూడండి," అన్నారు.

తెరిచారు. 'చౌరస్తా పైపు పగలబోతోంది' అని నికుషోర్, 'మళ్లీ మనవి' అని నికుషోర్, 'పిల్లలు తిరిగే చోటు, దయచేసి' అని నికుషోర్. వాటి కింద ఊళ్లోవాళ్ల మొరలు. తెర కిందికి జరుగుతున్నకొద్దీ వస్తూనే ఉన్నాయి.

"వీటిలో ఒక్కటీ తెరవలేదే!" అన్నాడు అధ్యక్షుడు.

"ఒక్కటీ తెరవలేదు," అన్నారు డైరెక్టర్ గారు. "పాపం, ఎవరో మనసు విప్పి రాసుకున్నవి. నేను చదవడమా?"

అధ్యక్షుడు లేచి ఆయనతో కరచాలనం చేశాడు.

విచారణ ముగిసింది. ఇతరుల ఉత్తరాలు చదివినందుకు సాబినాను ఉద్యోగంలోంచి తొలగించారు. నికుషోర్‌కు అన్యాయం జరిగిందనీ, వెంటనే పనిలోకి తీసుకోవాలనీ సంఘం ఉత్తర్వు జారీ చేసింది. ఆ ఉత్తర్వును డైరెక్టర్ గారికి ఈమెయిల్‌లో పంపింది.