బల్లకింది పద్ధతి

మా ముందుగదిలో అద్దెకుండే ప్రమీలమ్మ టీచరు సంచిలో నేను జొన్నరొట్టెలు సర్దుతుండగా పేపరు వచ్చింది. జిల్లా బడుల్లో భయపడే పిల్లలంటూ ఉండరాదని సర్కారు తీర్మానించిందట. వచ్చే మార్చి ఆఖరుకల్లా భయం పూర్తిగా తొలగించబడుతుందట.

"మూడు దినాలే అవ్వా, బళ్లారిలో ట్రైనింగు ఇచ్చేది నేనే. బేస్తవారానికి వచ్చేస్తా."

"పోయేటోళ్లంతా అట్లే చెప్తారు తల్లీ. ఇంకో రొట్టె పెడతాండా," అన్నాను.

టీచరుకు ఈ ఘనత మా దేవక్క వల్ల వచ్చింది. దేవక్క నా మనుమరాలు, సండూరు బడిలో మూడో తరగతి. దాని నాయన, నా కొడుకు, కొండమీది మాంగనీసు గనిలో రాళ్లు పగలేసే మందు పేలి చనిపోయాడు. ఆనాటి నుంచి పిల్లకు మాట లేదు. మధ్యాహ్నం కొండమీద మందు పేలితే చాలు, బల్లకింద దూరుతుంది. టీచరు కూడా దూరి పక్కన కూర్చుంటుంది. వైద్యం అంతే. ఉగాది దాటాక ఒకనాడు పిల్ల ఆ బల్లకిందే, "టీచర్, నీ కొంగుకు సున్నమైంది," అన్నదట. ఆ రోజు నేను పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయాను. టీచరుతో తప్ప ఇంకెవరితోనూ మాత్రం మాట్లాడేది కాదు.

బడుల ఇన్‌స్పెక్టరు సీతారామారావుగారు తనిఖీకి వచ్చిన పూటే మందు పేలింది.

"టీచరు ఎక్కడ?"

"బల్లకింద ఉండారు సార్," అన్నాడు హెడ్‌మాస్టరు పక్కీరప్ప.

"సెలవా?"

"లేదు సార్. డ్యూటీ మీదే ఉండారు."

దొడ్డమనిషి, కోప్పడలేదు. ప్యాంటు ఒప్పుకున్నంత మేరకు వంగి చూశారు.

"ఈ పిల్ల ఏ భాషలో మాట్లాడదు?"

"తెలుగులోనూ మాట్లాడదు, కన్నడంలోనూ మాట్లాడదు సార్."

"అయితే మాట్లాడని పిల్లలు ఇద్దరని రాసుకోండి."

పిల్ల టీచరుతో నోరు విప్పిన సంగతి విన్నాక, ఇంత మంచి టీచరును ఒక్క బడిలో ఉంచడం దేశానికి నష్టమని కూడా వారే కనిపెట్టారు. దీనికి 'బల్లకింది పద్ధతి' అని పేరు పెట్టి, జిల్లా అంతటికీ నేర్పమని ఆమెను పంపారు.

బేస్తవారం వచ్చింది, టీచరు రాలేదు.

"బళ్లారి అయిపోయి ఇప్పుడు తెక్కలకోట బడిలో ఉండాదంట అవ్వా," అన్నాడు పక్కీరప్ప. "ఆడ టీచర్లంతా బల్లలకింద కూచుండారంట."

"పిల్లోళ్లు యాడ కూచుంటారప్పా?"

"ట్రైనింగు కదా. పిల్లోళ్లకు సెలవిచ్చినారు."

ఈలోగా మా బడికి సన్మానం జరిగింది. పద్ధతి పుట్టిన చోటని సర్కారు కొత్త బల్లలు మంజూరు చేసింది. పిల్లలు దూరి దూరి చెక్కబల్లలు కదిలిపోతున్నాయని, నేలనుంచే రాయి పేర్చి, సిమెంటు పూసి అరుగుల్లా కట్టించారు. ఇన్‌స్పెక్టరుగారు రిబ్బను కత్తిరించారు. పిల్లల పెద్దలమంతా చప్పట్లు కొట్టాం.

"కింద సందు లేదు కదా సామీ," అన్నాను.

"అందుకే గట్టిగా ఉంటాయమ్మా. నూరేళ్లకూ చెక్కుచెదరవు."

అప్పుడే కొండమీద మందు పేలింది. దేవక్క దిగ్గున లేచి, కొత్త బల్ల అడుగున చేత్తో తడిమింది. పక్క బల్లనూ తడిమింది. తర్వాత మా మధ్యనుంచే వాకిలి దాటి పోయింది.

ఇన్‌స్పెక్టరుగారు గదంతా కలయజూశారు. "చూశారా, బల్లకింద ఒక్కరూ లేరు," అని ఫొటో తీయించారు. మర్నాడు పేపర్లో వచ్చింది. ఫొటోలో బల్లలు బాగా పడ్డాయి.

దేవక్క బడికి మళ్లీ పోలేదు. అది 1959 ఆగస్టు.