సజీవ సీసా

మనిషి ముసలివాడైతే విలువ తగ్గుతుందనీ, వైన్ ముసలిదైతే పెరుగుతుందనీ గ్రహించిన ప్రభుత్వం, రెండోదాన్ని కాపాడటానికి ఒక శాఖనే పెట్టింది. పాత వైన్ల సజీవత్వ ధ్రువీకరణ శాఖ. (మొదటివాళ్ళ కోసం ఒక బెంచీ వేశారు.)

మా మావయ్య దగ్గర అలాంటి సీసా ఒకటుండేది. నూరేళ్ళు దాటిన ద్రాక్షతీగల ఆఖరి కాపు అది. ఆ మరుసటేడు తోట మీంచి రోడ్డు వేశారు. పళ్ళు కోసింది అత్తయ్య, తొక్కి రసం తీసింది మావయ్య. "పాతికేళ్ళు ఆగి ఇద్దరం కలిసి తాగుదామండీ, తొందరపడకండి," అందావిడ. ఆయన తొందరపడలేదు. మెట్ల కింద నేలమాళిగలో చల్లగా, చీకట్లో పడుకోబెట్టాడు.

నిబంధన చిన్నదే. సీసా ఏటా ఒకసారి ఆఫీసుకి స్వయంగా హాజరై తాను బతికే ఉన్నానని నిరూపించుకోవాలి. రాకపోతే చచ్చిపోయినట్టు రాసుకుని, ఇంటికొచ్చి కాలవలో పారబోస్తారు. రుచి అధికారి ఒక పెద్ద చెంచాడు తాగుతాడు. ఆయన భ్రమపడలేదని తేల్చడానికి ఉపరుచి అధికారి ఇంకో చెంచాడు తాగుతాడు. యజమానికి సొంత వైన్ మీద మమకారం ఉంటుంది కనక, పాతికేళ్ళూ నిండేదాకా ఆయన నాలుక చెల్లదు.

ఆఫీసు మూడో అంతస్తులో. సీసాని కుదపకూడదు, లిఫ్టు పనిచేయకూడదు. (రెండోది నిబంధన కాదు, ఆనవాయితీ.) మావయ్య పసిబిడ్డని మోసినట్టు మోసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబోయాడు.

"సీసాని పడుకోబెట్టండి. మీరు నిలబడండి," అన్నాడు గుమాస్తా.

తాగడం అయ్యాక మూత బిగించి, గుడ్డసంచీలో పెట్టి సీలు వేసి ఇచ్చేవారు. పత్రంలో అభిప్రాయం గడి ఉండేది. మొదటేడు 'వగరు' అని రాశారు. పదో ఏడు 'పొగాకు, ఎండుపళ్ళు, తడిమట్టి' అని గడి దాటి రాశారు. పన్నెండో ఏడు అత్తయ్య పోయింది. దరఖాస్తులో ఆవిడ పేరు కొట్టేసి పక్కన సంతకం పెట్టమన్నారు. ఆ సంతకం పెడుతూ మావయ్య ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఇరవయ్యో ఏడు గడిలో 'అబ్బ!' అని మాత్రమే ఉంది.

మెట్లు దిగుతూ ఆ ఏడే మావయ్య ఆగిపోయాడు. "ఒరేయ్, ఇది తేలికైందిరా."

మళ్ళీ మూడంతస్తులూ ఎక్కి అడిగాం.

"వయసు మీదపడ్డాక ఎవరైనా చిక్కిపోతారండీ," అని ఓదార్చాడు అధికారి.

లెక్కలొచ్చినవాడు మా ఇంట్లో ఒక్కడుంటే బాగుండేది.

పాతికో ఏడు మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, రుమాల్లో రెండు గ్లాసులు చుట్టి తెచ్చాడు. రెండోది ఎవరికో నేను అడగలేదు. అధికారులిద్దరూ తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, సంతకాలు పెట్టారు. 'సజీవం. సంపూర్ణ ఆరోగ్యం. యజమాని ఇక సేవించవచ్చు.'

మావయ్య అక్కడే సీలు తెంచి, ముందు అత్తయ్య గ్లాసులోకి సీసా వంచాడు. పూర్తిగా బోర్లించాడు. వాసన ఒక్కటే వచ్చింది.

తలెత్తి, "ఎలా ఉందండీ?" అని అడిగాడు.

రుచి అధికారి కళ్ళు చెమర్చాయి. "ఏం చెప్పమంటారండీ! ఒక్కసారైనా మీరు రుచి చూడాల్సింది."