మెల్లగా రాలే పెచ్చులు

కాలేజీ హాలు సీలింగు పెచ్చులు ఇకమీదట మెల్లగా రాలతాయని మంత్రిగారు ప్రకటించారు. కిందపడే వస్తువుల త్వరణం తొమ్మిది పాయింట్ ఎనిమిది ఉండటం పాత ప్రభుత్వం మూటగట్టుకున్న పాపమనీ, తాము దాన్ని ఆరుకు దించేశామనీ సెలవిచ్చారు. సీలింగు బాగుచేయించడం ఎవరైనా చేస్తారు. సమస్య మూలానికి వెళ్లడం మహానుభావులకే చెల్లు.

జనం ముందు కొలిచి చూపించే భాగ్యం ఫిజిక్స్ మేడమ్‌కి దక్కింది.

"ఆరు రాదండీ," అంది మేడమ్, ప్రిన్సిపాల్ గదిలో.

"రాకపోతే రప్పించాలమ్మా," అన్నాడు మంత్రిగారి పీఏ. "మీ పాప బడి ఈ పక్కనే కదూ? కొండమీది కాలేజీలో పోస్టు ఖాళీ అట. అక్కడ బడి లేదు, బస్సూ లేదు, పాపం."

"సార్, మీరైనా చెప్పండి!"

"నాది హిస్టరీ అమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్. "రాజ్యాలు ఎప్పుడు పడ్డాయో తెలుసు గానీ, ఎంత స్పీడుగా పడ్డాయో నాకేం తెలుసు?"

నిజానికి రప్పించడం మేడమ్‌కి కొత్త కాదు. ల్యాబులో స్టాప్‌వాచ్ ఏనాడో ఆగిపోయింది. ముందు జవాబు రాసుకుని, దానికి తగ్గ రీడింగులు వెనక్కి లెక్కగట్టడం గురువుల దగ్గర నేర్చుకున్న విద్యే. ఇన్నాళ్లూ తొమ్మిది పాయింట్ ఎనిమిదికి వండింది. ఇప్పుడు ఆరుకి వండాలి. పొయ్యి అదే, గిన్నె అదే.

కొలిచే రోజున కాలేజీ హాల్లో మంత్రిగారు బల్లెక్కి ఇనుప గుండు వదిలారు. ఠప్పుమంది. మేడమ్ ఆగిపోయిన స్టాప్‌వాచ్‌ని నొక్కి, భక్తిగా చూసి, "ఆరండీ," అంది.

హాలంతా చప్పట్లు. ఆ చప్పట్ల అదురుకి పైనుంచి అరచేయంత పెచ్చు ఊడి, మైకు పక్కన పడి పిండైంది.

"చూశారా, ఎంత నిదానంగా వచ్చిందో!" అన్నారు మంత్రిగారు, బల్ల కిందనుంచి.

పీఏ వేదికమీది పెద్దలకు హెల్మెట్లు పంచాడు. మంత్రిగారు తనది పెట్టుకుని, పట్టీ బిగించుకుని, "ఇక భయమేముంది? పక్క బడి పిల్లల్ని తీసుకురండి," అన్నారు.

పిల్లలు వరసగా వచ్చారు. సీలింగు బాగా ఉబ్బినచోట, సరిగ్గా దాని కింద, మేడమ్ కూతురు కూర్చుంది. తల్లిని చూసి నవ్వింది.

"ఏమండీ, ఒక్క హెల్మెట్..." మేడమ్ పీఏ దగ్గరికి పరిగెత్తింది. "పిల్లకి."

"దేనికమ్మా?" పీఏ ఆశ్చర్యపోయాడు. "కొలిచింది మీరేగా!"

మంత్రిగారు మైకు అందుకున్నారు. "పిల్లలూ, ఇంత గొప్పగా కొలిచిన మేడమ్‌కి గట్టిగా చప్పట్లు!"

అందరికంటే ముందు ఆమె కూతురే చేతులెత్తింది.